పరుగు వచ్చినంత మాత్రాన ఈత వచ్చేస్తుందా? వందేళ్ల చరిత్ర చెప్పే జవాబు

ఈ రోజు ఎపిసోడ్ ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. మాది మంగళగిరి అని మీకు తెలుసు కదా. ఇక్కడ ఏపీఎస్పీ 6వ బెటాలియన్ ఉంది. తెల్లారుజామున 5 గంటలకు రోడ్డు మీదకు వస్తే కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరిగెత్తే కుర్రాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. దాని కోసం నెలల తరబడి కష్టపడతారు. అలాంటి ఒక తమ్ముడు నన్ను ఆపి అడిగాడు: "అన్నా, నేను 5 కిలోమీటర్లు ఆగకుండా పరిగెడతాను. మొన్న స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తే 25 మీటర్లు వెళ్లేసరికి ప్రాణం పోయినంత పనైంది. పక్కన పొట్ట వేసుకున్న ఒక బాబాయి మాత్రం ఆగకుండా ఇటూ అటూ తిరుగుతున్నాడు. నా స్టామినా అంతా ఏమైపోయిందన్నా?"

నవ్వొచ్చే ప్రశ్నలా ఉంది కదా? కానీ ఇదే ప్రశ్న గురించి వందేళ్లుగా శాస్త్రవేత్తలు, కోచ్‌లు, ఆటగాళ్లు కొట్టుకున్నారు. ప్రయోగాలు జరిగాయి, ఒక పెద్ద పోటీయే పుట్టింది. ఇంకో సంగతి. మన కృష్ణా డెల్టాలో ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోవడం ప్రాణాల మీదకి తెస్తుంది. అది చివర్లో చెప్తాను, వీడియో మధ్యలో వదిలేయకండి.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. విజయవాడ ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. ఆ తమ్ముడి లాంటి కుర్రాడు అంత దూరాన్ని 6 నిమిషాల్లో పరిగెత్తేస్తాడు. అదే 1,223 మీటర్లు పూల్‌లో ఈదాలంటే బాగా ఈత వచ్చినవాళ్లకే 20 నిమిషాలకు పైగా పడుతుంది. సరే, మనల్ని వదిలేయండి, ప్రపంచ రికార్డులే చూడండి. 1500 మీటర్ల పరుగులో మొరాకోకు చెందిన హిషామ్ ఎల్ గెరూజ్ 1998లో 3 నిమిషాల 26 సెకన్లలో పూర్తి చేశాడు. అదే 1500 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో అమెరికాకు చెందిన బాబీ ఫింక్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 14 నిమిషాల 30 సెకన్లకు పూర్తి చేసి రికార్డు కొట్టాడు. దూరం ఒకటే, టైమ్ నాలుగు రెట్లు! ఎందుకంటే నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు చిక్కన. నేల మీద మనకు గాలి అడ్డం వస్తున్నట్టే తెలియదు. నీళ్లలో ప్రతి అడుగూ ఒక గోడని తోసినట్టు ఉంటుంది.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం.

స్టామినాని కొలవడం ఎప్పుడు మొదలైంది?

1875 ఆగస్టులో ఇంగ్లండ్‌కు చెందిన కెప్టెన్ మాథ్యూ వెబ్ ఇంగ్లిష్ ఛానల్‌ని ఈదాడు. 21 గంటల 45 నిమిషాలు పట్టింది. ఆయన ఈదింది బ్రెస్ట్ స్ట్రోక్, మన ఊళ్లలో కప్ప ఈత అంటారే, ఆ రకం. అప్పట్లో అలాంటి మనిషిని చూసి జనం "ఉక్కు మనిషి" అనుకున్నారే తప్ప, ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందో కొలిచే పద్ధతి లేదు.

ఆ పద్ధతి పరుగు నుంచి వచ్చింది. 1920లలో ఏ.వి. హిల్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఉన్నాడు. 1922 సంవత్సరానికి వైద్యంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయనకు పరుగంటే పిచ్చి. వీపుకి ఒక సంచి కట్టుకుని, వదిలిన గాలి అంతా అందులోకి వెళ్లేలా ఏర్పాటు చేసుకుని, గడ్డి మైదానంలో తనే గుండ్రంగా పరిగెత్తాడు. తర్వాత ఆ గాలిని పరీక్షించి శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకుందో లెక్కపెట్టాడు. వేగం పెంచేకొద్దీ ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది, ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది అని తేల్చాడు. ఈ రోజు మీ స్మార్ట్ వాచ్‌లో "వీఓటూ మ్యాక్స్" అని ఒక నంబర్ చూపిస్తుంది కదా, దాని తాత ఆ సంచే!

అక్కడే ఒక పొరపాటు అభిప్రాయం కూడా మనలో పాతుకుపోయింది. ఆ నంబర్ ఎక్కువ ఉంటే చాలు, ఏ ఆటలోనైనా దుమ్ము లేపొచ్చు అని. నిజానికి హిల్ కొలిచింది పరిగెత్తేవాడి ఆక్సిజన్‌ని. నీళ్లలో ఉన్నవాడిది కాదు.

పరుగు ఈతకు ఇచ్చిన మొదటి బహుమతి

పరుగు నుంచి ఈతకు ఏమీ రాలేదా అంటే, వచ్చింది. అది కాళ్ల బలం కాదు, ట్రైనింగ్ పద్ధతి.

1930లలో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్లర్ అనే పరుగు కోచ్, రైండెల్ అనే గుండె డాక్టర్ కలిసి పనిచేశారు. ఒకేసారి పొడవుగా పరిగెత్తించే బదులు చిన్న చిన్న దూరాలు వేగంగా పరిగెత్తించడం, మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోనివ్వడం, మళ్లీ పరిగెత్తించడం. దీన్నే ఇంటర్వెల్ ట్రైనింగ్ అంటున్నాం. గెర్ష్లర్ శిష్యుడు రుడోల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరిగెత్తాడు. ఆ రికార్డుని 1955 దాకా ఎవరూ ముట్టుకోలేకపోయారు. ఆ తర్వాత చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ వచ్చాడు. 400 మీటర్ల రౌండ్లు లెక్కలేనన్ని కొట్టి, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5000, 10000, మారథాన్, మూడింటిలోనూ గోల్డ్ కొట్టాడు. మారథాన్ అయితే ఆయన జీవితంలో అదే మొదటిసారి!

అదే హెల్సింకీలో ఫోర్బ్స్ కార్లైల్ అనే ఆస్ట్రేలియన్ కూడా ఉన్నాడు. ఆయన ఈత కోచ్. కానీ ఆ ఒలింపిక్స్‌లో పోటీపడింది మోడరన్ పెంటాథ్లాన్‌లో. అప్పట్లో అందులో ఈత ఉండేది, పరుగు ఉండేది, గుర్రపు స్వారీ, కత్తి యుద్ధం, షూటింగ్ కూడా ఉండేవి. పరుగు, ఈత రెండూ ఒంటికి తెలిసిన మనిషి అన్నమాట. ఆయన ఆస్ట్రేలియాలో, జేమ్స్ కౌన్సిల్‌మన్ అమెరికాలో, ఇంటర్వెల్ పద్ధతిని ట్రాక్ మీద నుంచి పూల్‌లోకి తీసుకెళ్లినవాళ్లలో ముందు వరసలో ఉంటారు. ఇప్పుడు ప్రపంచంలో ఏ స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లినా గోడ మీద పెద్ద గడియారం ఉంటుంది, "100 మీటర్లు 10 సార్లు" అని బోర్డు మీద రాసి ఉంటుంది. అది పరుగు నుంచి అప్పు తెచ్చుకున్న పద్ధతే.

కానీ కౌన్సిల్‌మన్ అక్కడితో ఆగలేదు. నీళ్ల లోపల కెమెరా పెట్టి, మంచి ఈతగాళ్ల చేతులు ఎలా కదులుతున్నాయో షూట్ చేశాడు. 1968లో ఈత శాస్త్రం మీద పుస్తకం రాశాడు. ఆయన దగ్గర ట్రైనింగ్ తీసుకున్న మార్క్ స్పిట్జ్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 7 గోల్డ్ మెడల్స్ కొట్టాడు. కౌన్సిల్‌మన్ 1979లో 58 ఏళ్ల వయసులో స్వయంగా ఇంగ్లిష్ ఛానల్ ఈదాడు. ఇక్కడ గమనించండి. గుండెని, ఊపిరిని ఎలా సానపట్టాలో పరుగు దగ్గర నేర్చుకున్నాడు. చెయ్యి ఎలా వెయ్యాలో మాత్రం నీళ్లలోనే చూసి నేర్చుకున్నాడు. ఈ రెండిటినీ ఆయన కలగాపులగం చేయలేదు.

ల్యాబ్ ఏం తేల్చింది?

ఇప్పుడు మన తమ్ముడి ప్రశ్నకు నేరుగా వద్దాం. 1970లలో అమెరికాలో జాన్ మాగెల్, విలియం మెక్‌ఆర్డిల్ అనే శాస్త్రవేత్తలు తమ టీమ్‌తో కలిసి సరిగ్గా ఇదే పరీక్షించారు.

1975లో వచ్చిన మొదటి ప్రయోగంలో కొంతమంది మగవాళ్లతో రోజుకు గంట, వారానికి 3 రోజులు, 10 వారాలు ఈత కొట్టించారు. ముందూ వెనకా రెండు రకాలుగా కొలిచారు, నీళ్లలో ఒకసారి, ట్రెడ్‌మిల్ మీద ఒకసారి. ఈతలో వాళ్లు వాడుకోగలిగే ఆక్సిజన్ 11 శాతం పెరిగింది. మరి ట్రెడ్‌మిల్ మీద? 1.5 శాతం. అంటే దాదాపు ఏమీ లేనట్టే.

1978లో తిరగేసి చూశారు. ఈసారి 10 వారాలు పరిగెత్తించారు. పరుగులో సుమారు 6 శాతం పెరిగింది. ఈతలో 3 శాతం కూడా దాటలేదు.

ఇవి తక్కువ మందితో చేసిన చిన్న ప్రయోగాలే. కానీ దారి చూపించాయి. మన పానకాల స్వామి సంగతి తెలుసు కదా? ఎంత పానకం పోసినా సగం తాను తీసుకుని సగం భక్తుడికే వదిలేస్తాడంటారు. నీళ్లు కూడా అచ్చం అంతే ఫ్రెండ్స్! మీరు రోడ్డు మీద సంపాదించిన స్టామినాలో కొంతే తీసుకుంటాయి, మిగతాది "ఇది నాకు పనికిరాదు బాబూ" అని మీకే ఇచ్చేస్తాయి.

ఎందుకు? నాలుగు కారణాలు చెప్తాను.

ఒకటి, కండరాలు వేరు. గుండె రక్తాన్ని పంపుతుంది సరే, దాన్ని వాడుకోవాల్సింది పనిచేసే కండరం. పరుగులో తొడలు, పిక్కలు పనిచేస్తాయి. ఫ్రీస్టైల్ ఈతలో ముందుకి లాగే పని ఎక్కువ భాగం చేతులది, భుజాలది, వీపుది. వాటికి పరుగులో పని తక్కువ. కాబట్టి గుండె "నేను రెడీ" అంటుంది, భుజం "నా వల్ల కాదు" అంటుంది.

రెండు, ఊపిరి. పరిగెత్తేటప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంత కావాలంటే అంత గాలి పీలుస్తాం. ఈతలో మాత్రం తల తిప్పినప్పుడే గాలి. మొహం నీళ్లలో ఉన్నంతసేపూ నెమ్మదిగా వదులుతూ ఉండాలి. కొత్తవాళ్లు వదలకుండా బిగపడతారు. అప్పుడు తల తిప్పిన క్షణంలో వదలడం, పీల్చడం రెండూ చెయ్యాలి, టైమ్ చాలదు. ఆ తమ్ముడికి 25 మీటర్లకే ఆయాసం రావడానికి పెద్ద కారణం ఇదే. స్టామినా లేక కాదు.

మూడు, కాళ్లు. పరుగుకి చీలమండ బిగుతుగా ఉండటం మంచిది, నేలని తన్నినప్పుడు స్ప్రింగ్‌లా పైకి లేపుతుంది. ఈతకు అదే చీలమండ వదులుగా, చేప తోకలా ఊగాలి. పరుగు అలవాటైనవాడు సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడిస్తాడు. పెద్ద కండరాలు బోలెడు ఆక్సిజన్ తాగేస్తాయి, మనిషి మాత్రం ముందుకు కదలడు. పైగా నడుము, కాళ్లు కిందికి దిగిపోతాయి.

నాలుగు, దిగిపోయిన ఒళ్లు బ్రేక్ లాగా పనిచేస్తుంది. నీళ్లలో వేగం రెట్టింపు చేయాలంటే అడ్డు సుమారు నాలుగు రెట్లు అవుతుంది. కాబట్టి ఇంకా గట్టిగా కొట్టడం కంటే ఒళ్లు బల్లపరుపుగా ఉంచడమే లాభం. పొట్ట ఉన్న బాబాయి గెలిచింది అక్కడే. ఆయన గుండె మన తమ్ముడి గుండె కంటే గొప్పదేం కాదు. కానీ ఆయన ఖర్చు తక్కువ.

ఎవడు గొప్ప? హవాయిలో గొడవ

ఇదే గొడవ 1977లో హవాయిలోనూ జరిగింది. ఒక రిలే పరుగు పోటీ అయ్యాక బహుమతులు ఇస్తున్నారు. అక్కడ పరుగు క్లబ్బు వాళ్లు, ఈత క్లబ్బు వాళ్లు "మేం ఫిట్" అంటే "మేం ఫిట్" అని వాదించుకుంటున్నారు. జాన్ కాలిన్స్ అనే అమెరికా నేవీ ఆఫీసర్ మధ్యలో లేచి, సైకిల్ తొక్కేవాళ్లని కూడా కలుపుదాం, మూడూ ఒకే రోజు చేద్దాం, గెలిచినవాడే "ఐరన్ మ్యాన్" అన్నాడు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బరిలోకి దిగారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. 12 మంది పూర్తి చేశారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల్లో గెలిచాడు. ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ అలా పుట్టింది.

ఇందులో ఒక విషయం చాలామంది గమనించరు. ఈతని ఎప్పుడూ మొదటే పెడతారు. ఎందుకంటే పరుగులో అలిసిపోతే రోడ్డు పక్కన కూర్చోవచ్చు. సైకిల్ మీద అలిసిపోతే దిగి తోసుకుంటూ పోవచ్చు. నీళ్లలో అలిసిపోతే కూర్చోవడానికి చోటు లేదు. అందుకే ఒంట్లో ఓపిక నిండుగా ఉన్నప్పుడే ఈత. దీన్ని గుర్తుపెట్టుకోండి, మన కాలువల దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

మన తెలుగువాళ్ల కథ

మనవాళ్లు ఏం చేశారో కూడా చూద్దాం. 1958లో ఇంగ్లిష్ ఛానల్ ఈదిన మొదటి భారతీయుడు మిహిర్ సేన్ బెంగాలీ, లాయర్. ఇంగ్లండ్ వెళ్లాకే ఫ్రీస్టైల్ గట్టిగా నేర్చుకున్నాడు. చాలాసార్లు ఓడిపోయి, ఆ తర్వాతే గెలిచాడు.

మన దగ్గర గోలి శ్యామల గారిది సామర్లకోట. ఆవిడ నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంకకి, మన దేశానికి మధ్య ఉన్న పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటలకు పైగా ఈది దాటారు. 2024 చివర్లో మొదలుపెట్టి 2025 జనవరి మొదట్లో విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా, సుమారు 150 కిలోమీటర్లు, రోజుకు కొంత చొప్పున ఈదారు. అప్పటికి ఆవిడ వయసు యాభై దాటింది. ఇక మన విజయవాడ పోలీసుల్లోనే తులసీ చైతన్య అనే హెడ్ కానిస్టేబుల్ ఉన్నారు. పాక్ జలసంధి దాటారు, 2022లో ఇంగ్లిష్ ఛానల్ కూడా దాటారు. పోలీసు ఉద్యోగానికి పరుగు పరీక్ష ఉంది, ఈత పరీక్ష లేదు. ఛానల్ దాటించింది ఆ పరుగు కాదు, నీళ్లలో గడిపిన గంటలు.

ఇప్పుడు అసలు విషయం

మొదట్లో చెప్పాను కదా, ఈ ప్రశ్న మన డెల్టాలో ప్రాణాల మీదకి తెస్తుందని. 1850లలో విజయవాడ దగ్గర ఆనకట్ట కట్టాక కృష్ణమ్మ నీళ్లు కాలువల్లో ఊళ్లూళ్లూ తిరిగాయి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ అటు వైపు, మన గుంటూరు వైపు మరికొన్ని. మన తాతలు ఆ కాలువల్లోనే ఈత నేర్చుకున్నారు. నడుముకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకునో, అరటి బోదె పట్టుకునో, గట్టు మీద ఒక పెద్దాయన కాపలా ఉండగా నేర్చుకున్నారు. వాళ్లలో చాలామందికి రోజూ పరిగెత్తే అలవాటు లేదు, కానీ నీళ్ల మీద తేలడం తెలుసు.

ఇప్పటి మన తరం తిరగబడింది. జిమ్ ఉంది, పరుగు ఉంది, వాచ్‌లో నంబర్ ఉంది, ఈత మాత్రం లేదు. ఉన్న ఒకే ఒక్క ప్రమాదకరమైన విషయం ధైర్యం. "నేను 10 కిలోమీటర్లు పరిగెడతా, ఈ కాలువ ఎంత, 30 మీటర్లు" అనుకుంటాడు. ఫ్రెండ్స్ చూస్తున్నారు, ఫోన్‌లో రీల్ తీస్తున్నారు, దూకేస్తాడు. మధ్యలో ఊపిరి అందదు. భయం వేస్తుంది. తల పైకెత్తుతాడు, తల ఎత్తగానే కాళ్లు దిగిపోతాయి. వాడి గుండెలో ఇంకా బోలెడు బలం ఉంటుంది. కానీ ఆ బలాన్ని వాడుకునే విద్య చేతులకి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. అందులో ఫిట్‌గా ఉన్న కుర్రాళ్లు లేరని అనుకోవద్దు. ఇక కాలువకి, పూల్‌కి కూడా తేడా ఉంది. 2024 సెప్టెంబర్ వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వెళ్లింది. ఆ నది ప్రశాంతంగా కనిపించే రోజున కూడా లోపల ప్రవాహం ఉంటుంది, గుంతలుంటాయి.

మరి ఏం చేయాలి?

పరిగెత్తే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ పరుగు వృథా కాదు. మీ గుండె ఇప్పటికే సగం పని చేసిపెట్టింది. మిగతా సగం నీళ్లలోనే నేర్చుకోవాలి. వారానికి రెండు మూడు రోజులు కోచ్ ఉన్న పూల్‌కి వెళ్లండి. మొదటి రెండు వారాలు దూరం లెక్కపెట్టకండి. మొహం నీళ్లలో పెట్టి బుడగలు వదలడం, వెల్లకిలా తేలడం, గోడ తన్ని బాణంలా జారడం. ఇవి వచ్చాక మీకు తెలిసిన ఇంటర్వెల్ పద్ధతే వాడండి: 25 మీటర్లు నెమ్మదిగా, ఊపిరి కుదుటపడేదాకా ఆగడం, మళ్లీ 25 మీటర్లు, అలా 8 సార్లు. పరుగు రోజుల్ని తగ్గించి ఈతకు చోటివ్వండి, రెండూ ఒకేసారి పెంచకండి.

ఈతగాళ్లు కూడా పరుగుని తక్కువ చూడకండి. ఈతలో ఒంటి బరువు నీళ్లు మోస్తాయి, అందుకే ఎముకలకు పని తక్కువ. వారంలో ఒకటి రెండుసార్లు మెల్లగా పరిగెత్తితే ఎముకలు గట్టిపడతాయి, పూల్ మూసేసిన రోజుల్లో గుండె మొద్దుబారకుండా ఉంటుంది. కానీ ఈత టైమ్ తగ్గాలంటే మాత్రం ఈదాల్సిందే.

ఎవరైనా మునిగిపోతుంటే ఈత రాకుండా దూకకండి. తాడో, చీరో, పొడవైన కర్రో అందించండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ విసరండి. అరవండి, 112కి ఫోన్ చేయండి.

ఆ తమ్ముడికి నేను చెప్పింది ఇదే: "నీ స్టామినా ఎక్కడికీ పోలేదురా. అది నీ దగ్గరే ఉంది. నీళ్లకి దాన్ని ఎలా ఇవ్వాలో నీకింకా తెలియదు, అంతే." వాడు ఇప్పుడు ఉదయం పరుగు, సాయంత్రం పూల్. నిన్న కనిపించి, 25 మీటర్లు నాలుగుసార్లు కొట్టానన్నా అన్నాడు. ఆయాసం గురించి అడిగితే, "బుడగలు వదలడం వచ్చిందన్నా" అని నవ్వాడు.

మీ ఇంట్లో తాతయ్యనో, పెదనాన్ననో అడగండి, వాళ్లు ఈత ఎక్కడ, ఎలా నేర్చుకున్నారో. మన కాలువల చరిత్ర వాళ్ల దగ్గరే ఉంది. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, ఉంటాను.